చిన్న టామ్ మారిస్

స్కాట్లండు దేశపు తూర్పుతీరమున సెంట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణము కలదు. 1413లో స్థాపితమైన విశ్వవిద్యాలయము, శిథిలమై మిగిలిన ప్రాచీన క్రైస్తవాలయము ఆ యూరికి అలంకారములు. అయినను లోకమున పెక్కుమంది ఆ పట్టణమును ఎరుగుట చదువువలనను గాదు, ఆలయమువలనను గాదు, గోల్ఫు ఆటవలన. అచట సముద్రమునకును పంటపొలములకును నడుమ ఇసుక దిబ్బలు, పలుచని పచ్చిక కలసి మిట్టపల్లములుగా ఒక నేల పరచుకొని యున్నది. నాగలికి లొంగని ఆ నేలపై గొఱ్ఱెలు మేయుచుండెడివి. మనుష్యులు బంతి కొట్టుచుండెడివారు. ఈ వ్యసనము ఎంత ముదిరెననగా, యువకులు విలువిద్యను మరచుచున్నారని 1457లో స్కాట్లండు శాసనసభ ఈ ఆటను నిషేధించినది. నిషేధమువలన చచ్చిన ఆట చరిత్రలో అరుదు. ఇదియును చావలేదు.

ఆట యొక్క సూత్రము మిక్కిలి తేలిక. పిడికిట నిముడు చిన్న బంతిని కర్రతో కొట్టుకొనుచు పోయి, వందల గజముల దూరమున త్రవ్వియున్న ఒక గుంటలో పడవేయవలెను. పిమ్మట అచటినుండి రెండవ గుంటకు, అటనుండి మూడవ దానికి. ఎవడు తక్కువ దెబ్బలతో అన్ని గుంటలను ముగించునో వాడు గెలిచినవాడు. మన పల్లెలలో పిల్లలు ఆడు బిళ్లంగోడు ఎరిగినవారికి దీని రుచి కొంత తెలియును. బిళ్ల ఎంత దూరము పోయినదన్నది అచట లెక్క. ఎన్ని దెబ్బలలో చేరవలసినచోటు చేరినదన్నది ఇచట లెక్క.

ఈ యాటను చూచుటయందొక విశేషము కలదు. తక్కిన క్రీడలందు ఆటగాడు తిరుగును, చూచువాడు కూర్చుండును. గోల్ఫునందు ఆటగాడు ఒకచోట నిలువడు గనుక చూచువాడును నిలువరాదు. నలుగురు మిత్రులు కూడి ఉదయమున బయలుదేరి, తమకు నచ్చిన ఆటగాని వెంట మైళ్లకొలది నడచి, ఎండకు ఎండి, వానకు తడిసి, త్రోవపొడవునను వాదించుకొనుచు సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. నేడు పెద్ద పోటీలలో త్రాళ్లు కట్టి జనమును ఆపుచున్నారు; మెట్లమెట్లుగా ఆసనములు వేయుచున్నారు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ అట్టి ఏర్పాటు లేవియు లేవు. ప్రభువులు, జాలరులు, నేతపనివారు, విద్యార్థులు ఒకే గుంపుగా ఆటగానిని చుట్టుముట్టి నిలుచుచుండిరి. బంతి లేచిన వెంటనే అది పడినచోటికి పరుగు తీయుచుండిరి. పలువురి జేబులలో పందెపు ధనముండుటచేత ఆ పరుగులో ఉత్సాహముతోపాటు ఆందోళనయు నుండెడిది.

అట్టి జనమును అంతకు ముందెవ్వరును ఆకర్షింపనంతగా తన వెంట త్రిప్పుకొన్న ఆటగాడు చిన్న టామ్ మారిస్. అతడు జీవించినది ఇరువదినాలుగు సంవత్సరములు మాత్రమే.

అతని కథ తండ్రి కథతో పెనవేసికొని యున్నది. తండ్రి పేరును టామ్ మారిసే. 1821 జూన్ 16వ తేదీన సెంట్ ఆండ్రూస్ లో జన్మించిన ఆయన, బాల్యమునందే ఆలన్ రాబర్ట్‌సన్ అను నిపుణుని యొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. ఆలన్ ఆటగాడే గాక బంతులు చేయువాడు. ఆ కాలపు బంతి యనగా తోలుసంచిలో ఉడికించిన పక్షి ఈకలను కూరికూరి కుట్టినది. నిండు టోపీ కొలతగల ఈకలు ఒక్క బంతికి పట్టెడివి. నేర్పరియైన పనివాడు దినమెల్ల శ్రమించినను మూడు నాలుగు బంతులకంటె ఎక్కువ చేయజాలడు. అందుచేత బంతి ప్రియమైన వస్తువు. ఆట కలవారి యాట. బీదవాడు వారి కర్రలు మోయు క్యాడీగనో, బంతులు కుట్టు పనివాడుగనో మైదానమున ప్రవేశింపవలెను.

1848 ప్రాంతమున గట్టపర్చా అను జిగురుతో చేసిన బంతి వచ్చి ఈ స్థితిని తారుమారు చేసెను. మలయా ప్రాంతపు చెట్లనుండి వచ్చు ఈ జిగురును వేడినీట మెత్తపరచి, చేతితో గుండ్రముగ చేసి, చల్లార్చిన చాలును, బంతి సిద్ధము. దీని పుట్టుకనుగూర్చి ఒక జనశ్రుతి కలదు. తూర్పుదేశములనుండి సెంట్ ఆండ్రూస్ కు ఒక విష్ణువిగ్రహము వచ్చినదనియు, అది పగులకుండ దానిచుట్టు పెట్టెలో కూరిన గట్టపర్చా ముక్కలనుండియే మొదటి బంతి తయారైనదనియు చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను, ఈకల బంతులవలన బ్రతుకుచున్న ఆలన్ కు క్రొత్త బంతి కంటిలో నలుసయ్యెను. శిష్యుడైన టామ్ ఒకనాడు ఆ క్రొత్త బంతితో ఆడుచుండగా గురువు చూచెను. ఇరువురికిని మాట పెరిగి, పొత్తు విడిపోయెను.

అప్పటికే టామ్ కు పెండ్లియై యుండెను. భార్య పేరు ఆగ్నెస్. అందరును నాన్సీ యని పిలిచెడివారు. వారి మొదటి కుమారునకు తండ్రి పేరే పెట్టిరి. ఆ బాలుడు నాలుగేండ్ల వయసున 1850లో మరణించెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 20వ తేదీన మరల మగశిశువు కలుగగా, పోయినవాని పేరునే పుట్టినవానికి పెట్టిరి. పోయినవారి పేరు నిలుపుకొనుట మన యిండ్లలోను ఉన్నదే. చరిత్రకెక్కిన చిన్న టామ్ ఈ రెండవ శిశువు.

అతడు మూడు నెలల పసిగ్రుడ్డుగా నుండగనే కుటుంబము దేశపు పడమటి తీరమునకు తరలిపోయెను. అచట ప్రెస్ట్‌విక్ అను ఊర కర్నల్ ఫెయిర్లీ మొదలగు కలవారు క్రొత్తగా ఒక గోల్ఫు సంఘమును స్థాపించి, మైదానమును తీర్చుటకును కాపాడుటకును పెద్ద టామ్ ను పిలిపించిరి. ఆయన అచటి ఇసుకదిబ్బల నడుమ పండ్రెండు గుంటల మైదానమును తీర్చిదిద్దెను. చిన్న టామ్ బాల్యమంతయు ఆ దిబ్బలపైననే గడచినది. అందరును అతనిని టామీ యనుచుండిరి. బంతులు చేయు పనివాని కొడుకైనను తండ్రి అతనిని ఎయిర్ పట్టణపు అకాడమీలో చేర్పించి, సంపన్నుల పిల్లలతోపాటు చదివించెను. ఈ విషయమును చరిత్రకారులు ఒక వాక్యముతో దాటిపోదురు గాని, ఇది గమనింపదగినది. తండ్రి టోపీ తీసి చేతబట్టుకొని ప్రభువులతో మాటలాడిన తరమువాడు. ఆ ప్రభువుల బిడ్డల ప్రక్కన బల్లపై కూర్చుండి చదివిన కుమారునకు అట్టి వంగుబాటు అలవడలేదు. ముందుముందు అతని ఆటయందును నడవడియందును కనబడిన నిబ్బరమునకు ఆ బడి కొంత కారణమై యుండవచ్చును.

1859లో ఆలన్ రాబర్ట్‌సన్ మరణించెను. దేశమున మేటి ఆటగాడెవడను ప్రశ్న బయలుదేరినది. దానికి సమాధానముగా ప్రెస్ట్‌విక్ సంఘమువారు 1860 అక్టోబరు 17వ తేదీన వృత్తి ఆటగాండ్రకు ఒక పోటీ ఏర్పరచిరి. ఎనిమిదిమంది ఆడిరి. పండ్రెండు గుంటల మైదానమును మూడు మారులు చుట్టవలెను. ఎఱ్ఱని తోలుపై వెండి బిళ్ల అమర్చిన నడికట్టు బహుమానము. దాని వెల 25 పౌనులు. మసల్‌బరో వాడైన విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలిచెను. పెద్ద టామ్ రెండు దెబ్బలు వెనుకబడి రెండవవాడయ్యెను. నేడు ప్రపంచమంతటినుండి జనము తరలివచ్చి చూచు ఓపెన్ పోటీకి ఇదియే ఆరంభము. పెద్ద టామ్ ఆ వెనుక 1861, 1862, 1864 సంవత్సరములలో నడికట్టును గెలుచుకొనెను.

టామీకి పదుమూడవ ఏట, 1864లో పెర్త్ పట్టణమున పెద్దలకు పోటీ జరుగుచుండగా, అతనిని ఆ యూరి మేటి బాలునితో ఆడించిరి. పెద్దవారి యాటను విడిచి జనము పిల్లలవెంట నడిచెను. టామీ సునాయాసముగ గెలిచెను. మరుసటి సంవత్సరము పదునాలుగేండ్ల వయసున అతడు ఓపెన్ పోటీలోనే దిగెను. అంత చిన్నవాడు ఆ పోటీలో ఆడుట అంతకు ముందును లేదు, తరువాతను లేదు. 1867లో కార్నూస్టీ యందు ముప్పదికి మించిన వృత్తి ఆటగాండ్రు కూడిన పోటీలో, విల్లీ పార్క్ తోను బాబ్ ఆండ్రూ తోను సమమై, తిరిగి ఆడి వారిరువురిని ఓడించెను. అప్పటికి అతనికి పదునారేండ్లు.

ఈలోగా కుటుంబము మరల సెంట్ ఆండ్రూస్ చేరినది. ఏడాదికి 50 పౌనుల జీతముపై అచటి మైదాన సంరక్షకుడుగా పెద్ద టామ్ నియుక్తుడయ్యెను. చివరి గుంటకు ఎదురుగ ఆయన దుకాణము వెలసెను.

1867లో తండ్రి నలుబదియారేండ్ల వయసున నాలుగవ మారు ఓపెన్ పోటీ గెలిచెను. అంత పెద్ద వయసున ఆ పోటీని గెలిచినవాడు నేటివరకు మరియొకడు లేడు. మరుసటి యేడు, 1868 సెప్టెంబరులో, అదే మైదానమున, పదునేడేండ్ల కుమారుడు గెలిచెను. అంత చిన్న వయసున గెలిచినవాడును నేటివరకు మరియొకడు లేడు. ఒకే యింటిలో రెండు ఏండ్ల వ్యవధిలో ఏర్పడిన ఈ రెండు హద్దులు నూటయేబదియేండ్లు గడచినను చెరగలేదు. 1869లో కుమారుడు మరల ప్రథముడు. ఆ యేటి పోటీలోనే 166 గజముల దూరముగల ఎనిమిదవ గుంటలో టామీ బంతిని ఒక్క దెబ్బతో వేసెను. ఓపెన్ పోటీ చరిత్రలో అట్టిది మొదట నమోదైనది ఇదియే.

టామీ ఆటతీరు తండ్రి తీరుకు భిన్నము. తండ్రి నెమ్మదిగా, నిదానముగా కర్ర త్రిప్పెడివాడు. దగ్గరి దూరపు గుంటలలో బంతిని పడవేయలేక తడబడుట ఆయన బలహీనత. కుమారుడు శరీరబలమంతయు కర్రలోనికి తెచ్చి కొట్టెడివాడు. ఆ విసురునకు తలపైనున్న స్కాచి టోపీ జారి నేలబడెడిది. కర్రను చేతబట్టి మణికట్టు ఝాడించినంతనే అది విరిగిపోయిన సందర్భములు కలవని చెప్పుదురు. బండ్లచక్రపు గాడులలో పడిన బంతిని పైకి తీయుటకై చేసిన ఇనుప కర్రను అతడు చదునైన నేలపై ఉపయోగించి, బంతిని ఎత్తుగ లేపి, గుంటకు చేరువగ దింపుట అలవరచుకొనెను. గాలి వీచు మైదానమున నేలబారుగా బంతిని దొర్లించుటయే సంప్రదాయమైన కాలమున ఇది చూపరులకు గారడీవలె తోచినది. అన్నిటికంటె ముఖ్యము, తండ్రి తడబడుచోట తనయుడు తడబడలేదు. గుంటకు నాలుగైదు అడుగుల దూరమున ఇతరులకు చేయి వణకును. టామీ బంతివంక ఒక్కమారు చూచి కొట్టి ముందునకు నడచిపోయెడివాడు. సెంట్ ఆండ్రూస్ మైదానమును 79 దెబ్బలలో ముగించుట 1858లో ఆలన్ రాబర్ట్‌సన్ సాధించిన అద్భుతము. 1869లో టామీ దానిని 77కు తగ్గించెను.

జనము ఎట్లుండెడిదో చెప్పుటకు 1870 ఏప్రిల్ లో మసల్‌బరోలో జరిగిన సంఘటన చాలును. పెద్ద టామ్ కును విల్లీ పార్క్ కును నాలుగు మైదానములపై ఆడవలసిన పెద్ద పందెపు ఆట. చివరి ఘట్టము పార్క్ సొంత యూరిలో. ఊరివారు వేలుగా మైదానముపై విరుచుకుపడిరి. పార్క్ మీద పందెము కాచినవారు ఊరకుండలేదు. పెద్ద టామ్ కొట్టబోవునప్పుడు మీదమీదికి వచ్చిరి, బంతులకు అడ్డుపడిరి. ఇంక ఆరు గుంటలు మిగిలియుండగా మధ్యవర్తియైన రాబర్ట్ ఛేంబర్స్ ఆట ఆపించి, మిగిలినది మరునాడు ఆడవలెనని నిర్ణయించెను. పెద్ద టామ్ తో కలసి అతడు చెంతనున్న పానశాలలో కూర్చుండెను. పార్క్ వేచి వేచి, తనయంత తానే మిగిలిన గుంటలు ఆడి, గెలుపు తనదని చాటెను. మరునాడు పెద్ద టామ్ తానొక్కడే ఆడగా మధ్యవర్తి అతనిదే గెలుపనెను. ఒకే పందెమునకు ఇద్దరు విజేతలు! ఆటను ప్రేమించు జనమే ఆటను ఎట్లు పాడుచేయగలదో దీనివలన తెలియును.

అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రెస్ట్‌విక్ కు చేరిన జనము మరియొక విధమైన దృశ్యమును చూచినది. మూడు వరుస సంవత్సరములు గెలిచినవానికి నడికట్టు శాశ్వతముగ చెందునని మొదటినుండి నియమమున్నది. టామీకి ఇది మూడవది. మొదటి గుంట 578 గజముల దూరము. గట్టపర్చా బంతితో దానిని ఆరు దెబ్బలలో ముగించినవాడు తృప్తిపడెడి కాలమది. టామీ కొట్టిన మూడవ దెబ్బకు బంతి పోయి గుంటలో పడెను. మొదటి చుట్టు 47 దెబ్బలలో ముగిసెను. మొత్తము 149. రెండవ స్థానమున నిలిచిన ఇద్దరికిని అతనికిని నడుమ పండ్రెండు దెబ్బల అంతరము. పదేండ్లక్రితము అదే మైదానమున విల్లీ పార్క్ కు 174 దెబ్బలు పట్టినవన్న సంగతి తలచుకొన్నచో, ఇరువదియైదు దెబ్బల ఈ తగ్గుదల ఎంతటిదో తెలియగలదు. పంతొమ్మిదేండ్ల యువకుడు నడికట్టును ఇంటికి తీసికొని పోయెను.

బహుమానమే లేకపోవుటచేత 1871లో పోటీ జరుగలేదు. ఒక ఆటగాడు మిక్కిలి బాగుగ ఆడుటవలన పోటీయే ఆగిపోవుట విచిత్రము గదా! 1872లో ప్రెస్ట్‌విక్, సెంట్ ఆండ్రూస్, ఎడింబరో సంఘములు మూడును తలకు పది పౌనుల వంతున వేసికొని వెండి కూజా నొకదానిని చేయింప నిశ్చయించినవి. అది తయారు కాకమునుపే జరిగిన ఆ యేటి పోటీలో మరల టామీయే గెలిచెను. మరుసటి సంవత్సరము కూజా సిద్ధమైనప్పుడు దానిపై చెక్కిన మొదటి పేరు అతనిది. నాటినుండి నేటివరకు ఆ పోటీ గెలిచినవారందరి పేర్లును ఆ పేరు క్రిందనే చేరుచున్నవి.

ఆ యేటి పోటీలో అతని వెన్నంటి రెండవ స్థానమున నిలిచినవాడు డేవీ స్ట్రాత్. టామీకి అతడు ఒకే యూరివాడు, ఈడువాడు, ప్రాణమిత్రుడు, ప్రబల ప్రత్యర్థి. గుమాస్తా పని మాని ఆటను వృత్తిగ చేపట్టినవాడు. వీరిద్దరును ఒకరితో నొకరు పందెములాడుచు మైదానములన్నియు తిరుగుచుండగా, గెలుపెవరిదైనను ఆట చూచుటకే జనము వచ్చుచుండెను. అంతకు ముందు వృత్తి ఆటగాడనగా ప్రభువులు పందెము కాచుకొనుటకై బరిలో దింపిన పుంజు వంటివాడు. గెలిచిన సొమ్ము ప్రభువునకు. ఆటగానికి దయతో ఇచ్చినది దక్కెడిది. సంఘభవనములోనికి వానికి ప్రవేశము లేదు. టామీయు డేవీయు తమ యాటకు విలువ తామే కట్టుకొన నారంభించిరి. వృత్తి ఆటగానికి గౌరవము క్రమముగ పెరిగిన చరిత్రలో వీరి పేర్లు మొదటనే చెప్పవలసియున్నది.

1874 నవంబరులో టామీ మార్గరెట్ డ్రినెన్ అను నామెను వివాహమాడెను. ఆమె బొగ్గుగనుల పనివారి కుటుంబమునకు చెందినది. భర్తకంటె వయసున పెద్దది. సెంట్ ఆండ్రూస్ లో వారు కాపురము పెట్టిరి. 1875 వేసవినాటికి ఆమె గర్భవతి.

ఆ సంవత్సరము సెప్టెంబరులో నార్త్ బెరిక్ అను ఊర తండ్రికొడుకులు ఒక జట్టుగాను, విల్లీ పార్క్, అతని తమ్ముడు మంగో పార్క్ ఒక జట్టుగాను పందెపు ఆట ఏర్పడినది. నార్త్ బెరిక్ ఫోర్త్ అఖాతమునకు దక్షిణపు టొడ్డున, సెంట్ ఆండ్రూస్ ఆవల ఉత్తరదిక్కున ఉన్నవి. మారిస్ కుటుంబమునకును పార్క్ కుటుంబమునకును నడుమ పాత కక్షలు జనమునకు తెలిసినవే గనుక మైదానము క్రిక్కిరిసినది. ఆట హోరాహోరీగ సాగి, ఇంక రెండు గుంటలు మాత్రమే మిగిలియున్నవి. అపుడు సెంట్ ఆండ్రూస్ నుండి తంతి వచ్చెను. మార్గరెట్ కు ప్రసవము కష్టమైనది. వెంటనే రావలెనని అందలి సారాంశము.

తంతి తొలుత ఎవరి చేతికి వచ్చినదన్న విషయమున చెప్పువారు ఏకాభిప్రాయముగ లేరు. టామీకే వచ్చినదనియు, అతడు మిగిలిన రెండు గుంటలు ముగించి బయలుదేరెననియు కొందరందురు. తండ్రికి రాగా, ఆయన ఆట ముగియువరకు దానిని జేబులో దాచియుంచెనని మరికొందరు. రెండవదే నిజమైనచో తండ్రిని నిందించుట సులభము. కాని పందెము మధ్యలో విడిచిపోవుట ఆ వృత్తిలో మాట తప్పుటతో సమానమన్న సంగతియు, రెండు గుంటలు ఆడుటకు పట్టునది కొద్దిసేపేనన్న సంగతియు మరువరాదు. ఆ కొద్దిసేపు మిగిలినను ఫలితము మారియుండునని చెప్పుటకు వీలులేదు. ఏలయన దూరము అట్టిది. ఫోర్త్ అఖాతముపై రైలువంతెన పూర్తియైనది 1890లో గదా! 1875లో రైలుమీద పోవలెనన్న ఎడింబరో మీదుగ చుట్టుత్రోవ. అందుచేత ఒక పెద్దమనిషి తన పడవనిచ్చి అఖాతముమీదుగ వారిని పంపెను.

మారిసులు గెలిచిరి. గెలిచినవారు రాత్రి సముద్రముమీద ప్రయాణము చేసి ఇల్లు చేరునప్పటికి మార్గరెట్ లేదు. కన్న శిశువును లేదు.

ఆ వెనుక టామీ మనిషి మారిపోయెనని అతని నెరిగినవారు చెప్పిరి. ఒకటి రెండు పోటీలలో ఆడెను గాని పూర్వపు ఉత్సాహము లేదు. నవంబరు చివర ఇంగ్లండు నుండి ఆర్థర్ మోల్స్‌వర్త్ అను ఔత్సాహికునితో పందెమొకటి కుదిరినది. ఆరు దినములు, దినమునకు రెండు చుట్లు, మొత్తము పండ్రెండు చుట్లు. ప్రతి మూడు గుంటలకు ఒక దెబ్బను టామీ అతనికి వదలుకొనవలెను. శీతకాలము ముందే ముదిరి, మైదానముపై మంచు పడెను. గుంటల చుట్టు మంచును ఊడ్చి ఆటకు చోటు చేసిరి. తెల్లని మంచులో తెల్లని బంతి కనబడదు గనుక బంతులకు ఎఱ్ఱరంగు పూసిరి. ఇట్టి వాతావరణమున ఆడరాదని మిత్రులు వారించినను టామీ మానలేదు. ఆ చలిలోను అతనివెంట నడచిన జనము కలదు. టామీయే గెలిచెను. కాని ఆ గెలుపు చూచినవారికి సంతోషము కలిగించినట్లు లేదు.

డిసెంబరు 24వ తేదీ రాత్రి అతడు మిత్రులతో కలసి భోజనము చేసి ఇల్లు చేరెను. మరునాడు క్రిస్‌మస్ పండుగ. ఉదయము ఎంతసేపటికిని లేవకపోవుటచేత ఇంటివారు గదిలోనికి పోయి చూడగా, నిద్రించినవాడు నిద్రించినట్లే ప్రాణము విడిచియుండెను. ఊపిరితిత్తిలో రక్తనాళము పగులుటయే కారణమని వైద్యులు తేల్చిరి. భార్య పోయిన దుఃఖముచేత గుండె పగిలి మరణించెనని ఊరు అనుకొనెను. నేటికిని అట్లే చెప్పుకొనుచున్నారు. తండ్రి మాత్రము ఆ మాటను అంగీకరింపలేదందురు. ఆయన అంగీకరింపకపోవుటకు హేతువు ఆయన తరువాతి జీవితమే.

మరుసటి సంవత్సరము, 1876లో, భార్య నాన్సీ మరణించెను. పుట్టుకతోనే నడువలేని కుమారుడు జాన్ 1893లోను, కుమార్తె ఎలిజబెత్ 1898లోను, మరియొక కుమారుడు జేమ్స్ 1906లోను పోయిరి. ఇందరిని సాగనంపి పెద్ద టామ్ ఒంటరిగ మిగిలెను. అయినను 1895 వరకు, డెబ్బదినాలుగవ యేటివరకు, ఓపెన్ పోటీలో ఆడుచునే యుండెను. 1903 వరకు మైదాన సంరక్షకత్వము విడువలేదు.

మిత్రుడు డేవీ స్ట్రాత్ కథయు సుఖాంతము గాదు. 1876లో సెంట్ ఆండ్రూస్ లోనే జరిగిన ఓపెన్ పోటీలో, మైదానముపై మామూలుగా ఆడుకొనువారిని గాని, చూడవచ్చినవారిని గాని అదుపుచేయు నాథుడు లేడు. డేవీ కొట్టిన బంతి ఒకచోట ఒక మనిషి నొసటికి తగిలెను. పదునేడవ గుంటవద్ద అచటనున్నవారికి తగిలి ఆగిపోయెను. ముందున్నవారు గుంట విడువకమునుపే కొట్టెనని ఫిర్యాదు వచ్చినది. చివరకు డేవీయు బాబ్ మార్టిన్ అను నాతడును సమమైరి. ఫిర్యాదు తేల్చకయే తిరిగి ఆడుడని పెద్దలు కోరిరి. అది తేలనిదే ఆడుట వ్యర్థమని డేవీ నిరాకరించెను. మార్టిన్ ఒక్కడు మైదానము చుట్టి నడచివచ్చి విజేతయయ్యెను. డేవీ వాదమే న్యాయమని నేడు చదువువారికి తోచును. క్షయవ్యాధి పీడింపగా అతడు ఆరోగ్యమునకై ఆస్ట్రేలియాకు ఓడనెక్కి, 1879లో మెల్‌బోర్న్ చేరి అచటనే మరణించెను.

టామీకి స్మారకము నిర్మింపవలెనన్న తలపు కలుగగా అరువది గోల్ఫు సంఘములు విరాళములిచ్చినవి. ప్రవేశమీయని సంఘభవనములవారే ఒక క్యాడీ కొడుకునకు ఇట్లు ధనము కూర్చుట అంతకు ముందు కనీవినీ ఎరుగనిది. 1878లో సెంట్ ఆండ్రూస్ ఆలయ శిథిలముల ప్రాకారమున ఆ శిల్పము నిలిచినది. స్కాచి టోపీ, మామూలు కోటు ధరించి, కర్ర చేతబట్టి, బంతి కొట్టుటకు వంగిన భంగిమ అందున్నది.

పెద్ద టామ్ 1908 మే 24వ తేదీన ఊరిలోని గోల్ఫు సంఘపు మెట్లమీదినుండి జారిపడి మరణించెను. అప్పటికి ఆయనకు ఎనుబదియారు సంవత్సరములు నిండి, ఎనుబదియేడు నిండుటకు మూడు వారములు తక్కువ. సెంట్ ఆండ్రూస్ పాతమైదానపు చివరి గుంటకు ఆయన పేరే పెట్టిరి. ఓపెన్ పోటీ ఆ యూర జరిగిన యేడెల్ల, చూడవచ్చిన మిత్రబృందములు తమకు నచ్చిన ఆటగాండ్రవెంట దినమంతయు నడచి ఆ గుంటవద్దకే చేరుదురు. ఆ మైదానమునుండి కాలినడకనే ఆలయ శిథిలములకు పోవచ్చును. అచట తండ్రి సమాధి కొడుకు శిల్పమునకు ఎదుటనే, దాని పాదముల చెంతనే యున్నది.